విదేశీ ప్రయాణం అతుకుల దగ్గరే చెడుతుంది: టికెట్టు కొనే ముందు నుంచి ఇల్లు చేరాక దాకా

టికెట్టు మీద 12వ తేదీ, 00:20 అని ఉంది. నేను 12వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకి పెట్టె ఈడ్చుకుంటూ ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి నా ప్రింటు చూసింది, స్క్రీన్ చూసింది, మళ్లీ ప్రింటు చూసింది. "మేడమ్, మీ ఫ్లైట్ నిన్న రాత్రే వెళ్లిపోయింది" అంది, ఆస్పత్రిలో కబురు చెప్పినంత మెల్లగా. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుందని నాకు తెలియక కాదు. తేదీ ఒకసారి చూశాను, టైము ఇంకోసారి చూశాను, రెండూ కలిపి చూడలేదు. అప్పటికి ఆరేళ్లుగా విదేశాలు తిరుగుతున్నాను.

ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ యంత్రాలు బిగించి, నడిపించి, అక్కడివాళ్లకి అప్పజెప్పి రావడం నా పని. ఏడాదిలో ఐదారు నెలలు బయటే గడుస్తాయి. నాకు జరిగిన నష్టాలన్నీ వరసగా పెట్టి చూసుకుంటే దాదాపు ప్రతిదీ రెండు కలిసే చోటే జరిగింది: రెండు తేదీలు, రెండు టికెట్లు, రెండు ఎయిర్‌పోర్టులు, రెండు కరెన్సీలు, గోడ గడియారం, ఒంటి గడియారం. ఆ అతుకులు ముందే వెతికి పట్టుకుంటే మిగతా ప్రయాణం దానంతటది నడుస్తుంది. పనులు జరిగే వరసలోనే చెబుతాను.

టికెట్టు కంటే ముందు పాస్‌పోర్టు తెరవండి

గడువు తీరే రోజు దాకా పాస్‌పోర్టు పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. చాలా దేశాలు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. షెంగెన్ దేశాల (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల) లెక్క వేరు: అక్కడి నుంచి బయటపడే రోజు తర్వాత కనీసం మూడు నెలలు మిగలాలి, పైగా పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటకూడదు. ఖాళీ పేజీలు కనీసం రెండు ఉంచుకోండి. ఖాళీగా కనిపించిన ప్రతి పేజీనీ లెక్కలో వేసుకోకండి, వీసాల కోసం ఉద్దేశించిన పేజీలనే లెక్కపెట్టండి.

ఫొటో ఉన్న పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి చూడండి. మెషీన్ చదివేది వాటినే. టికెట్టు మీద పేరు దానికి సరిపోవాలి. ఇంటిపేరు గడిలో సొంత పేరు, సొంత పేరు గడిలో ఇంటిపేరు పడటం రోజూ జరిగే తప్పు. కొన్న రోజే చూసుకుంటే చాలాసార్లు ఫోను మీదే సరిచేస్తారు, ప్రయాణం రోజున కౌంటర్ దగ్గర చూసుకుంటే కొత్త టికెట్టు కొనమంటారు. పాస్‌పోర్టు నంబరులో ఉన్నది సున్నానా, 'ఓ' అక్షరమా అన్నది కూడా ఒకసారి నిదానంగా చూడండి. నేను ఒక ఆన్‌లైన్ వీసా దరఖాస్తులో అదే పొరపాటు చేసి, ఫీజు మళ్లీ కట్టాను.

తరచూ యూరప్ వెళ్లేవాళ్లకి అసలు చిక్కు 90/180 లెక్క. 29 షెంగెన్ దేశాలూ ఈ లెక్కలో ఒకే దేశం కింద జమ. ఏ రోజైనా సరే, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు లెక్కబెడితే, అందులో మీరు అక్కడున్నవి 90 దాటకూడదు. జనవరి నుంచి జూన్ దాకా ఒక ముక్క, జూలై నుంచి ఇంకో ముక్క అనుకుంటారు. అలా కాదు, కిటికీ రోజూ ఒక రోజు ముందుకి జరుగుతూ ఉంటుంది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 10 దాకా ఉన్నారనుకోండి, 41 రోజులు. మళ్లీ ఏప్రిల్ 1 నుంచి మే 19 దాకా, 49 రోజులు. మొత్తం 90, కోటా అయిపోయింది. లీపు సంవత్సరం కాకపోతే జూన్ 30కి ముందు ఒక్క రోజు కూడా అడుగుపెట్టలేరు, ఆ రోజుకే జనవరి 1 కిటికీలోంచి జారిపోతుంది. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఇదివరకు ఆఫీసర్ ముద్రలు తిప్పి చూసి లెక్కగట్టేవాడు, ముద్ర సరిగా పడకపోతే తప్పించుకున్నవాళ్లూ ఉన్నారు. 2025 అక్టోబర్ 12న వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకునే కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ పద్ధతి మొదలైంది, ఇప్పుడు లెక్క కంప్యూటర్ చేస్తుంది. మీ లెక్క మీరూ ఒక షీట్‌లో రాసుకోండి.

పాత పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే వీసా ఉంటే, ఉదాహరణకి అమెరికా వీసా, రెండు పాస్‌పోర్టులూ వెంట తీసుకెళ్లాలి. వీసా కాగితాన్ని మీరే చింపి కొత్తదాంట్లో అతికించకండి. అలా చేసినాయన పక్క కుర్చీలో నేను కూర్చున్నాను, అందుకే చెబుతున్నాను.

వీసా: మొదటి ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ చెకిన్ కౌంటర్లోనే ఉంటాడు

సరైన కాగితాలు లేని ప్రయాణికుణ్ని తీసుకెళ్తే చాలా దేశాలు ఎయిర్‌లైన్‌కే జరిమానా వేసి, వెనక్కి తీసుకుపొమ్మంటాయి. అందుకే కౌంటర్లో మనిషి మీ మాట వినడు, ఐఏటీఏ (విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం) నడిపే టిమాటిక్ అనే డేటాబేసులో ఏముందో అదే వింటాడు. మీ స్నేహితుడు పోయినేడాది వీసా లేకుండా వెళ్లొచ్చాడన్నది అక్కడ చెల్లదు. ఎంబసీ అధికారిక సైటు చూడండి, ఆ తర్వాత మీ ఎయిర్‌లైన్ సైటులో ప్రయాణ పత్రాల పేజీ చూడండి. రెండింటి మాటా ఒకటే అయితే సరే. తేడా ఉంటే ఎయిర్‌లైన్‌కి రాసి, జవాబు ప్రింటు తీసి పెట్టుకోండి.

రెండు విషయాలు జనం మర్చిపోతారు. ఒకటి, ట్రాన్సిట్ వీసా. విమానం మారడానికి రెండు గంటలు దిగినా, కొన్ని పాస్‌పోర్టులవాళ్లకి బ్రిటన్, కొన్ని షెంగెన్ దేశాలు ట్రాన్సిట్ వీసా అడుగుతాయి. రెండు, తిరుగు టికెట్టు. చాలా దేశాలు బయటికి వెళ్లే టికెట్టు చూపించమంటాయి. ఇంకో మాట: ఆన్‌లైన్ పర్మిట్ల కోసం వెతికితే పైన కనిపించే మొదటి రెండు మూడు సైట్లు తరచూ దళారులవి, రంగులు కూడా ప్రభుత్వ సైటులాగే వేసుకుంటాయి. అడ్రసు చివర చూడండి. అమెరికా ఆన్‌లైన్ పర్మిట్ ఎస్టాకైతే అది డాట్ గవ్‌తో (.gov) ముగియాలి.

టికెట్టు ఎలా కొనాలి

ముందు తేదీ సంగతి. అర్ధరాత్రి నుంచి తెల్లవారు నాలుగు దాకా బయల్దేరే విమానం ఏదైనా సరే, క్యాలెండర్లో "11 రాత్రి, పడుకోకుండా" అని రాయండి. ఇంట్లోవాళ్లకి, ట్యాక్సీవాడికి కూడా అదే మాట చెప్పండి. హోటల్‌కీ ఇదే తిరకాసు: 12న తెల్లవారుజామున ఒంటిగంటకి దిగుతుంటే గది 11వ తేదీ నుంచి బుక్ చేయాలి. చేసి ఊరుకోకుండా, "ఒంటిగంట తర్వాత వస్తాను" అని హోటల్‌కి మెయిల్ పెట్టాలి. లేకపోతే రాలేదని గది ఇంకొకరికి ఇచ్చేస్తారు. పసిఫిక్ దాటేటప్పుడు తేదీ రేఖ ఉంటుంది, లాస్ ఏంజెలిస్‌లో ఎక్కితే టోక్యోలో దిగేది మర్నాడు. అటు నుంచి వస్తుంటే, ఎక్కిన టైము కంటే ముందే దిగినట్టు కనిపిస్తుంది.

ఇక రెండు టికెట్లు. విడివిడిగా కొంటే చవక పడుతుంది, నిజమే. కానీ మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్లకి మీతో సంబంధం లేదు. సామాను కూడా చాలాసార్లు చివరి ఊరి దాకా వెళ్లదు. మధ్యలో దింపుకుని, ఆ దేశంలోకి ప్రవేశించి, మళ్లీ చెకిన్ చేయాలి, అంటే వీసా కావాలి. ఒకే బుకింగ్ అయితే కనెక్షన్ తప్పినా తర్వాతి విమానంలో పంపడం వాళ్ల బాధ్యత. విడివిడిగానే కొనాల్సి వస్తే మధ్యలో ఒక రాత్రి పెట్టుకోండి. మూడు గంటలు చాలనుకుని ఒకసారి నేను మిగుల్చుకున్న డబ్బు కంటే కొత్త టికెట్టుకి పోసింది రెండింతలు.

అమెరికా వెళ్తుంటే ఇంకొకటి: ఒకే టికెట్టయినా సాధారణంగా మొదట దిగిన ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్ దాటి, బెల్టు మీద పెట్టె తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పజెప్పాలి. గంటన్నర కనెక్షన్‌ని నమ్మకండి. అక్కడ మూడు గంటలకి తక్కువైతే నేను కొనను.

నగరం పేరు ఒకటే అయినా ఎయిర్‌పోర్టు ఒకటే కాదు. లండన్‌లో హీత్రూలో దిగి గాట్విక్‌లో ఎక్కాలంటే నగరం చుట్టూ తిరిగి వెళ్లాలి. టోక్యోలో నరిటా ఊరికి దాదాపు 60 కిలోమీటర్ల దూరం, హనేదా ఊరి పక్కనే. టికెట్టు మీద మూడక్షరాల కోడ్ చూడండి. పెట్టెకి చీటీ కట్టాక దాని మీది కోడ్ కూడా చూడండి, రెండు సెకన్ల పని. ఆస్ట్రేలియా సిడ్నీ అనుకుని కెనడాలోని సిడ్నీలో దిగినవాళ్లు వార్తల్లో కూడా కనిపించారు.

టికెట్టులో మొదటి లెగ్, అంటే మొదటి విమానం, ఎక్కకపోతే సాధారణంగా మిగతా టికెట్టంతా, తిరుగు ప్రయాణంతో సహా, రద్దవుతుంది. "మధ్య ఊరి నుంచి ఎక్కుతాలే" అనుకోకండి. అలాగే మార్చి, అక్టోబర్-నవంబర్ నెలల్లో గడియారాలు జరుగుతాయి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. తిరిగి యూరప్‌లో అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం. ఆ మధ్య వారాల్లో ఆ రెంటి మధ్య తేడా మీకు అలవాటైన గంటల కంటే ఒకటి తగ్గుతుంది. మీటింగులు తప్పేది సరిగ్గా అప్పుడే.

పెట్టె

క్యాబిన్ బ్యాగ్‌లో ఏముండాలంటే, చెక్‌ఇన్ పెట్టె మూడు రోజులు రాకపోయినా మీరు బతకడానికి సరిపడేవి. మందులు, ఒక జత బట్టలు, ఛార్జర్, కళ్లజోడు, పని కాగితాలు. ద్రవాలు 100 మిల్లీలీటర్లే అంటే సీసా సైజు 100 అని. 200 సీసాలో అడుగున కొంచెం మిగిలినా తీసి పారేస్తారు. ఈ నిబంధన 2006లో బ్రిటన్‌లో విమానాలు పేల్చే కుట్ర బయటపడ్డాక వచ్చింది. కొన్ని ఎయిర్‌పోర్టులు కొత్త స్కానర్లు పెట్టి సడలించాయి, కానీ మీరు మారే ఎయిర్‌పోర్టు సడలించకపోతే సీసా అక్కడ పోతుంది.

పవర్‌బ్యాంకు చెక్‌ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే. పరిమితి 100 వాట్-అవర్లు, 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతితో. మీదాని మీద ఎంఏహెచ్ (mAh) అంకె మాత్రమే రాసి ఉంటే దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అయితే 74, నిశ్చింతగా తీసుకెళ్లండి. 30,000 అయితే 111, అడగాలి. అక్షరాలు చెరిగిపోయిన పవర్‌బ్యాంకుని లాక్కున్న సెక్యూరిటీ వాళ్లని చూశాను. 2025 నుంచి కొన్ని ఎయిర్‌లైన్లు విమానంలో దాన్ని వాడనివ్వడం కూడా లేదు.

ఛార్జర్ మీద సన్నగా "ఇన్‌పుట్ 100–240 వోల్టులు" అని ఉంటే ప్లగ్ అడాప్టర్ చాలు. జుట్టు ఆరబెట్టే డ్రయర్, ఇస్త్రీ పెట్టెల మీద తరచూ ఒక్క వోల్టేజే ఉంటుంది, వాటిని ఇంట్లో వదిలేయండి.

మందుల విషయంలో నవ్వులాట వద్దు. ఒక చోట దగ్గు మందుగా అమ్మేది ఇంకో చోట మాదకద్రవ్యం. సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటిన జలుబు మాత్రల్ని జపాన్ రానివ్వదు, మూసిన ముక్కులకి చాలా దేశాల్లో వాడేది అదే. కోడీన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు యూఏఈకి తీసుకెళ్లాలంటే ముందే అనుమతి కావాలి. ఒరిజినల్ డబ్బాలో, డాక్టర్ చీటీతో, చీటీలో బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు ఉండేలా తీసుకెళ్లండి. ఈ-సిగరెట్లు సింగపూర్, థాయిలాండ్‌లలో నిషిద్ధం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో తినే వస్తువు ఏదైనా, విమానంలో ఇచ్చిన పండైనా, ఫారంలో రాయాల్సిందే. రాస్తే మహా అయితే పారేస్తారు. రాయకపోతే న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా, వాళ్ల డాలర్లలో.

ఇక పెట్టె రాకపోతే. బెల్టు ఆగిపోయింది, చుట్టూ ఎవరూ లేరు, ఒకే ఒక ఎర్ర పెట్టె గిరగిరా తిరుగుతోంది, అది మీది కాదు. ఆ హాలు దాటి బయటికి వెళ్లకండి. అక్కడే బ్యాగేజీ కౌంటర్ ఉంటుంది, ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు రాయించండి, పీఐఆర్ అంటే వాళ్లకి అర్థమవుతుంది. రిపోర్టు నంబరు లేకుండా బయటికి వచ్చేస్తే, పెట్టె పోయిందని నిరూపించుకోవడం మీ నెత్తిన పడుతుంది. బయల్దేరే ముందు పెట్టె మూసి ఒక ఫొటో, తెరిచి ఒక ఫొటో తీసి ఉంచితే ఇక్కడ పనికొస్తుంది. నా ఫోనులో ఇలాంటి పెట్టె ఫొటోలు, పిల్లల ఫొటోలకి పోటీగా ఉన్నాయి.

మాంట్రియల్ ఒప్పందం, 1999, మీ పక్షాన ఉంది. పెట్టె దెబ్బతింటే 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్క. పరిహారం గరిష్ఠ పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) వాడే లెక్క, మొత్తం రెండు వేల డాలర్ల పైమాటే. అది పరిమితి మాత్రమే, అంతా ఊరికే ఇవ్వరు. మధ్యలో కొన్న బ్రష్షు, లోదుస్తులు, చొక్కా బిల్లులన్నీ దాచండి. కావాలని ఖరీదైన సూటు కొని పంపితే నవ్వి ఊరుకుంటారు.

డబ్బు

కార్డు మెషీన్ మీ ముందుకి తిప్పుతారు. స్క్రీన్ మీద రెండు అంకెలుంటాయి. ఒకటి ఆ దేశం కరెన్సీలో, ఇంకోటి మీ దేశం కరెన్సీలో. మీ కరెన్సీ అంకె తెలిసిన మొహంలా పలకరిస్తుంది, వేలు అటే పోతుంది. ఆ దేశం కరెన్సీనే నొక్కండి. రెండోది నొక్కితే మారకం రేటు దుకాణం వెనకున్న సంస్థ వేస్తుంది, అందులో వాళ్ల లాభం కలిపే ఉంటుంది. ఏటీఎంలోనూ ఇదే ప్రశ్న, "కన్వర్షన్‌తో కొనసాగించాలా" అని అడుగుతుంది. వద్దు అని నొక్కినా డబ్బులు వస్తాయి, భయపడకండి.

రెండు కార్డులు, రెండు బ్యాంకులవి, రెండు చోట్ల పెట్టండి. పర్సులో ఒకటి, హోటల్ గదిలో ఒకటి. హోటళ్లు, కారు అద్దెకిచ్చేవాళ్లు డిపాజిట్ కింద కొంత మొత్తం బిగబడతారు. డెబిట్ కార్డయితే మీ సొంత డబ్బే రోజుల తరబడి ఇరుక్కుంటుంది, క్రెడిట్ కార్డే ఇవ్వండి. దిగగానే అవసరపడే కొద్ది నగదు చిన్న నోట్లలో ఉండాలి. నగదు ఎక్కువ ఉంటే అమెరికాకి 10,000 డాలర్లు, యూరోపియన్ యూనియన్‌కి 10,000 యూరోల గీత గుర్తుంచుకోండి. అమెరికాలో అది దాటితే, యూరోపియన్ యూనియన్‌లో అంత ఉన్నా ప్రకటించాలి. తీసుకెళ్లడం నేరం కాదు, దాచడం నేరం.

ఫోను

ఓటీపీ మీ ఇంటి సిమ్‌కే వస్తుంది. ఈ-సిమ్ కొనుక్కుని, ఇంటి సిమ్ తీసేస్తే బ్యాంకు గుమ్మం బయట నిలబడినట్టే. ఇంటి సిమ్‌లో డేటా ఆపి, మెసేజ్‌లకి రోమింగ్ ఉంచండి. బయల్దేరే ముందే రోమింగ్‌లో మెసేజ్‌లు వస్తాయో లేదో కనుక్కోండి. ఆఫ్‌లైన్ మ్యాపు దించుకోండి. హోటల్ అడ్రసు ఆ దేశం లిపిలో కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఒక అర్ధరాత్రి, ఫోను చచ్చిపోయి, నాకు ఒక్క అక్షరం చదవడం రాని ఊళ్లో, ట్యాక్సీ డ్రైవర్ చేతికి ఆ కాగితం ఇచ్చాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని చదివి, తల ఊపి, పెట్టె డిక్కీలో పెట్టాడు. మా ఇద్దరి మధ్య ఒక్క మాట నడవలేదు.

నిద్ర

ఒళ్లు రోజుకి దాదాపు ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది. పడమటికి వెళ్తే తేలిక, తూర్పుకి వెళ్తే కష్టం, ఎందుకంటే చాలామందికి లోపలి గడియారం 24 గంటల కంటే కాస్త పొడవు. రోజును సాగదీయమంటే సాగుతుంది, కుదించమంటే మొరాయిస్తుంది.

"దిగగానే పొద్దున ఎండలో తిరుగు" అని అందరూ చెబుతారు. తూర్పుకి ఎక్కువ గంటలు వెళ్లినప్పుడు ఆ సలహా తిరగబడుతుంది. ఎనిమిది గంటలు తూర్పుకి వెళ్లారనుకోండి. మామూలుగా మీ శరీరానికి అట్టడుగు వేళ, ఉష్ణోగ్రత బాగా తగ్గే వేళ, తెల్లవారుజామున నాలుగైదు గంటలు. కొత్త ఊళ్లో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట. ఆ వేళకి ముందు పడే వెలుతురు గడియారాన్ని వెనక్కి తోస్తుంది, తర్వాత పడేది ముందుకి. కాబట్టి మొదటి రోజు మధ్యాహ్నం దాకా నల్ల కళ్లజోడు పెట్టుకుని నీడపట్టున ఉండి, ఒంటిగంట తర్వాత ఎండలోకి వెళ్లండి. మర్నాటి నుంచి ఒక్కో గంట ముందుకి జరుపుకోండి. ఇది తెలిశాక నాకు తూర్పు ప్రయాణాల్లో రెండు రోజులు కలిసొచ్చాయి.

రెండు మూడు రోజుల పనికి వెళ్తుంటే అసలు సర్దుకోకండి. ఇంటి టైములోనే బతికి తిరిగి రండి. దిగిన రోజు కారు నడపకండి, కాంట్రాక్టు మీద సంతకం పెట్టకండి. నాలుగు గంటలు దాటిన విమానంలో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. సీటు నడవ వైపు తీసుకుని, అప్పుడప్పుడు లేచి నాలుగడుగులు వేయండి.

ఇమ్మిగ్రేషన్ దగ్గర

అడిగినదానికి, అడిగినంతే, నిజమే. ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు, ఎక్కడుంటారు. మూడు జవాబులూ ఒక్కో వాక్యంలో ఉండాలి, వాటి కాగితాలు చేతికి అందేలా ఉండాలి.

పని మీద వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. బిజినెస్ వీసా మీద మీటింగులకి కూర్చోవచ్చు. స్పానర్ పట్టుకుని యంత్రం విప్పితే, చాలా దేశాల్లో అది పని కిందికి వస్తుంది, వేరే అనుమతి కావాలి. ఒకసారి నన్ను పంపినవాళ్లు "మీటింగ్ అని చెప్పండి చాలు" అన్నారు. నా పెట్టెలో బోల్టులు బిగించే టార్క్ రెంచ్ ఉంది. రెండున్నర గంటలు ఒక గాజు గదిలో కూర్చున్నాను. అబద్ధం ఎవరు చెప్పమన్నా, రికార్డులో పడేది మీ పేరే, పంపినవాళ్ల పేరు కాదు. ఆ తర్వాత నుంచి ఉద్యోగం ఇచ్చేవాళ్లని రాతలో అడుగుతాను: నేను చేసే పని ఇదీ, ఈ వీసా దానికి చెల్లుతుందా?

దిగిన మొదటి గంటలు

లోపల పలకరించి ట్యాక్సీ కావాలా అనేవాళ్ల వెంట వెళ్లకండి, అధికారిక క్యూ దగ్గరికి వెళ్లండి. ఎమర్జెన్సీ నంబరు రాసుకోండి: యూరప్‌లో 112, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000, జపాన్‌లో పోలీసులకి 110, అంబులెన్సుకి 119.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి నా అలవాట్లు చెబుతాను. రిసెప్షన్‌లో గది నంబరు బయటికి గట్టిగా చదివితే ఇంకో గది ఇమ్మంటాను, మొహమాటపడను. తలుపు కింద పెట్టే రబ్బరు ముక్క ఒకటి నా పెట్టెలో ఎప్పుడూ ఉంటుంది, యాభై గ్రాములు కూడా ఉండదు. అది ఉన్న రాత్రులు నాకు నిద్ర పడుతుంది, మిగతా సంగతి ఎలా ఉన్నా.

కారు నడపాలంటే ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే సరిపోదు, ఏ ఒప్పందం కింద ఇచ్చారన్నదీ చూడాలి. జపాన్ 1949 జెనీవా ఒప్పందం నమూనాలో ఇచ్చిన పర్మిట్‌నే ఒప్పుకుంటుంది, 1968 వియన్నా ఒప్పందం నమూనాది చెల్లదు.

ఒంట్లో బాగోకపోతే, పాస్‌పోర్టు పోతే

ఇన్సూరెన్సులో చూడాల్సింది ప్రీమియం కాదు, మూడు వాక్యాలు: పాత జబ్బులకి వర్తిస్తుందా, విమానంలో ఇంటికి తరలించే ఖర్చు ఇస్తుందా, ఆస్పత్రికి నేరుగా కడుతుందా, మనం కట్టి తర్వాత అడగాలా. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల కవర్ తప్పనిసరి. ఆ గీత దగ్గరే ఆగిపోయే పాలసీలు ఎక్కువ, అమెరికాలో అది ఏ మూలకీ చాలదు. ప్రాణం మీదికి వస్తే తప్ప, ఆస్పత్రిలో చేరే ముందే వాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. తర్వాత చేస్తే క్లెయిమ్‌లో కొర్రీలు పెడతారు. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో కొన్ని దేశాలకి ఎల్లో ఫీవర్ టీకా కార్డు కావాలి. టీకా వేసిన పది రోజులకి గానీ అది చెల్లదు, కాబట్టి చివరి వారంలో గుర్తొస్తే లాభం లేదు. 2016 జూలై నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది, పాత కార్డు పారేయకండి.

పాస్‌పోర్టు పోతే వరస ఇది: పోలీసు రిపోర్టు, మీ దేశపు ఎంబసీ లేదా కాన్సులేట్, అత్యవసర ప్రయాణ పత్రం. ఆ తర్వాత చాలామంది మర్చిపోయేది, మీరున్న దేశం ఇమ్మిగ్రేషన్ ఆఫీసు. వీసా పాత పాస్‌పోర్టుతోపాటే పోయింది కాబట్టి బయటికి వెళ్లడానికి కొన్ని దేశాలు వేరే అనుమతి అడుగుతాయి. మిమ్మల్ని ఎవరైనా నిర్బంధిస్తే మీ కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని 36వ అధికరణం ఇస్తుంది. ఆ మాట అడగండి. అయితే ఎంబసీ మీ హోటల్ బిల్లు కట్టదు, జైలు నుంచి విడిపించదు. లాయర్ల జాబితా ఇస్తుంది, ఇంటికి కబురు చేరుస్తుంది.

ఎవరూ చెప్పని సంగతి

నేను ఇరవై పైచిలుకు దేశాలు వెళ్లానంటే జనం కళ్లు పెద్దవి చేస్తారు. అందులో సగం దేశాల్లో నేను చూసింది ఎయిర్‌పోర్టు నుంచి ఫ్యాక్టరీకి వెళ్లే రోడ్డు. ఇంట్లో జరిగే శుభకార్యాలు ఫోటోల్లో చూస్తాను. తిరిగొచ్చాక మొదటి రెండు రోజులు నేను ఇంట్లో ఉన్నా లేనట్టే, నిద్ర కళ్లతో సోఫాలో. ఎయిర్‌లైన్ పాయింట్ల కోసం అవసరం లేని చోట విమానం మారిన రోజులున్నాయి, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కొంత పనికొచ్చిన ఉపాయాలు రెండు. ఇంటికి ఫోను చేసే వేళ ఇంటి గడియారం ప్రకారం పెట్టుకోండి, మీకు వీలైనప్పుడు కాదు. పిల్లలకి ఎదురుచూడ్డానికి ఒక వేళ ఉండాలి. ప్రతి ప్రయాణంలో సగం రోజు ఖాళీగా ఉంచి, ఏ చూడదగ్గ చోటికీ వెళ్లకుండా, ఏదో ఒక సిటీ బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లి అదే బస్సులో తిరిగి రండి. నాకు గుర్తున్న ఊళ్లన్నీ అలా చూసినవే.

ఇల్లు చేరిన రాత్రి

అలసటగా ఉన్నా మూడు పనులు ఆ రాత్రే చేయండి. బిల్లులు ఫొటో తీయండి, బస్సు చీటీల మీద అక్షరాలు త్వరగా మాసిపోతాయి. వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ షీట్‌లో రాయండి. కార్డు స్టేట్‌మెంట్‌లో హోటల్ బిగబట్టిన మొత్తం వదిలారో లేదో రెండు వారాల తర్వాత చూడమని ఫోనులో గుర్తు పెట్టండి. ఆ తర్వాత పాస్‌పోర్టు దాచే ముందు ఖాళీ పేజీలు లెక్కపెట్టండి. నాలుగు కంటే తక్కువుంటే ఆ వారమే కొత్తదానికి దరఖాస్తు పెట్టండి.